పుట్టబోయే బిడ్డకు కథలోని పేరు పెట్టుకోవచ్చా? (జర్మనీ)

స్టుట్‌గార్ట్, వచ్చి ఎనిమిది నెలలు:
అందరికీ నమస్కారం. సెప్టెంబరులో మాకు బిడ్డ పుట్టబోతున్నది. ఆడపిల్ల అయితే ‘మధురవాణి’ అని పెట్టాలని నా భార్య కోరిక. ఆమె ఎం.ఏ. తెలుగు చదివింది. ‘కన్యాశుల్కం’లో అందరికంటె తెలివీ మనసూ ఉన్నది మధురవాణికేనని ఆమె వాదన. మగపిల్లవాడైతే ‘ఆర్య’ అని నేను అనుకుంటున్నాను. అయితే కల్పిత పాత్రల పేర్లను ఇక్కడి ష్టాండెసాంట్ (జనన మరణాలు నమోదు చేసే కార్యాలయం) వారు నమోదు చేయరని ఆఫీసులో ఒక మిత్రుడు చెప్పినప్పటి నుంచి ఇద్దరికీ దిగులు పట్టుకుంది. అనుభవమున్న పెద్దలు దారి చూపగలరు.

ఫ్రాంక్‌ఫర్ట్, 19 ఏళ్ళు:
తమ్ముడూ, ఈ దేశంలో ఆమోదించిన పేర్ల జాబితా ఒకటి ఉంటుంది, అందులో లేని పేరు పెట్టనివ్వరు. పైగా పేరు చూడగానే ఆడో మగో తెలియాలి కాబట్టి ‘ఆర్య’ కుదరదు. అయినా నన్నడిగితే ముందు ఆలోచించవలసింది పేరు గురించి కాదు, ఇంటిపేరు గురించి. మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ గడిలో ఉంది, మీ శ్రీమతి పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉందా, ఈ రెండూ ఇప్పుడే చూసుకోండి. మా అబ్బాయి విషయంలో అక్కడే చిక్కుపడ్డాము.

లైప్జిగ్, 11 ఏళ్ళు:
అన్నగారిని కాదంటున్నందుకు మన్నించాలి. జాబితా పద్ధతి డెన్మార్క్‌ది, జర్మనీది కాదు. ఇక్కడ చూసేది ప్రధానంగా రెండే విషయాలు: అది పేరుగా చెల్లుతుందా, బిడ్డకు దాని వల్ల హాని ఉందా. ఆడా మగా తెలియాలన్న నియమం కూడా పాతబడింది. దాన్ని పక్కకు నెట్టింది మన పేరే. ఒక ఆడపిల్లకు ‘కిరణ్’ అని పెట్టబోతే అధికారులు అడ్డుకున్నారు. ఆ వ్యవహారం రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళగా, 2008 డిసెంబరులో తీర్పు తల్లిదండ్రుల వైపే వచ్చింది. ఇక కల్పిత పాత్రల సంగతి: పిల్లల కథల్లోని ఎర్రజుట్టు అల్లరి భూతం పుముక్ల్ పేరును రెండో పేరుగా పెట్టుకోవడానికి త్స్వైబ్రుకెన్ ఉన్నత న్యాయస్థానం 1983లోనే ఒప్పుకుంది. భూతానికి లేని అభ్యంతరం మధురవాణికి ఎందుకుంటుంది?

ఊరు చెప్పను, 14 ఏళ్ళు:
న్యాయస్థానాల మాట వేరు, బల్ల అవతల కూర్చున్న మనిషి మాట వేరు. మా అమ్మాయి పేరు వరూధిని. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం మీద పేరు రాసి, సంతకం పెట్టి పంపించాము. పది రోజులకు పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి ఆ ఉద్యోగిని ఎదుట దిండంత లావున్న పేర్ల నిఘంటువు తెరిచి ఉంది. ‘వి’ అక్షరం కింద వేలు పెట్టి పైనుంచి కిందికి జరుపుతూ, “ఇది ఇందులో లేదు, ఎక్కడి పేరు?” అని అడిగింది. నేను ఉత్సాహం కొద్దీ, పదహారో శతాబ్దంలో పెద్దన అనే మహాకవి రాసిన కావ్యంలోని నాయిక పేరని, హిమాలయాల్లో ప్రవరుణ్ణి చూసి మనసుపడిన అప్సరస అని, అరగంట కథంతా చెప్పాను. ఓపికగా విని, “అంటే ఆవిడ నిజంగా లేదన్నమాట” అని రాసుకుంది. నా గోతిని నేనే తవ్వుకున్నానని అప్పుడు అర్థమైంది.

ఆడవాళ్ళ పేరుగా వాడుకలో ఉందని రుజువు తెమ్మంది. మా ఊరి నుంచి వరూధిని అనే పేరున్న ఇద్దరి ఆధార్ నకళ్ళు తెప్పిస్తే, వాటిని పక్కన పెట్టేసింది. చివరికి లైప్జిగ్ విశ్వవిద్యాలయంలోని పేర్ల సలహా కేంద్రానికి రుసుము కట్టి, లిఖితపూర్వకమైన అభిప్రాయం తెప్పించుకున్నాము. అది చూపించిన రోజున మారు మాట లేకుండా నమోదు చేసింది. ఈ లోపల జనన ధ్రువపత్రం లేక, పిల్లల భత్యం రాక, పాస్‌పోర్టు దరఖాస్తు కదలక ఏడు వారాలు గడిచాయి. మా అమ్మ మనవరాలి పేరు నమోదు కావడం చూడకుండానే వీసా గడువు ముగిసి తిరిగి వెళ్ళిపోతుందేమోనని మేము పడిన బాధ ఎవరికీ వద్దు. పాత్ర అని చెప్పకండి. “మా భాషలో ఆడపిల్లల పేరు” అని ఒక్క వాక్యం చెప్పి ఊరుకోండి.

బెర్లిన్, 22 ఏళ్ళు:
ప్రవరుణ్ణీ హిమాలయాలనూ ఎందుకు లాగారండీ? చైత్ర బహుళ ఏకాదశి పేరే వరూధిని ఏకాదశి. గోడ మీది పంచాంగం తీసుకువెళ్ళి చూపిస్తే సరిపోయేది.

ఊరు చెప్పను, 14 ఏళ్ళు:
ఏకాదశి పేరు చూపిస్తే “ఇది తిథి పేరు, మనిషి పేరు కాదు” అని ఉండేది. ఆవిడ ఎదుట మీరు కూర్చోలేదు కదా.

మ్యూనిక్, 9 ఏళ్ళు:
అడిగినవారిని వదిలేసి మనలో మనమే వాదించుకుంటున్నాము. చెల్లెమ్మ కోరిన పేరుకు అసలు అడ్డంకి ష్టాండెసాంట్ కాదు, అమ్మమ్మగారు. “వేశ్య పేరు పెడతారా” అనే మాట ఎలాగూ వస్తుంది. సుబ్బి పెళ్ళి తప్పించడంలో మధురవాణి చేయి లేకపోతే నాటకమే లేదని నేనైతే చెబుతాను కాని, మా అత్తగారికి చెప్పి నెగ్గలేకపోయాను. మా పాపకు ఆ పేరు రెండో పేరైంది. 2018 నవంబరు నుంచి పేర్ల వరుసను తర్వాత మార్చుకునే వీలుంది కనుక, పెద్దయ్యాక ముందుకు తెచ్చుకుంటుందో లేదో దాని ఇష్టం.

‘ఆర్య’ విషయంలో మాత్రం ఒకసారి ఆలోచించండి. మనకది సినిమా హీరో పేరు, గౌరవవాచకం. ఇక్కడి పెద్దవాళ్ళ చెవికి నాజీల జాతిమాట వినిపిస్తుంది.

ఫ్రాంక్‌ఫర్ట్, 19 ఏళ్ళు:
జాబితా విషయంలో నాదే పొరపాటు. కాని ‘ఆర్య’ గురించి అంత భయం అక్కరలేదు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అనే అమెరికన్ సీరియల్ వచ్చాక కుర్రవాళ్ళకు గుర్తొచ్చేది కత్తి పట్టిన పిల్ల. మీ అబ్బాయిని ఆడపిల్ల అనుకుంటారేమో, అంతే.

లైప్జిగ్, 11 ఏళ్ళు:
ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పుట్టిన వారం లోపల నమోదు చేయించాలి. పేరు తేలకపోతే దానికి నెల గడువు ఇస్తారు, కాబట్టి ఆసుపత్రి మంచం మీద తొందరపడి రాయకండి. సెప్టెంబరు దాకా ఆగకుండా, ఇప్పుడే మీ ష్టాండెసాంట్‌కు ఫోను చేసి మధురవాణి పేరుకు ఏమి కాగితం కావాలో అడగండి. ధ్రువపత్రం అచ్చయ్యే ముందు చూడమని ఒక ప్రతి ఇస్తారు. అందులో ‘డి’ తర్వాత ‘హెచ్’ ఉందో లేదో చూసి సంతకం పెట్టండి, ఎందుకంటే అదే స్పెల్లింగుతో మ్యూనిక్‌లోని మన కాన్సులేటులో ఏడాది లోపల బిడ్డ జననాన్ని నమోదు చేయించుకోవాలి. మా అబ్బాయి మాధవ్ ఒక కాగితంలో హెచ్‌తో, ఇంకొక కాగితంలో హెచ్ లేకుండా మిగిలిపోయాడు.

స్టుట్‌గార్ట్, వచ్చి ఎనిమిది నెలలు:
అందరికీ కృతజ్ఞతలు. రేపు ఫోను చేస్తాను. ఈ సందేశాలన్నీ నా భార్యకు చదివి వినిపించాను. మధురవాణి రెండో పేరుగా ఉండటానికి ఆమె ఒప్పుకోవడం లేదు. ‘ఆర్య’ను మాత్రం నిశ్చింతగా కొట్టేసింది.