‘శొంఠి లేని కషాయం’: అల్లం అని ఎందుకు అనలేదు?

గుణుపురం నుంచి ప్రశ్న:
ఏ తగువులోనైనా దూరిపోయేవాణ్ణి మావైపు "శొంఠి లేని కషాయం ఉంటుందా!" అని దెప్పుతారు. జలుబు చేస్తే పచ్చల్లంతోనూ కషాయం కాస్తాం కదండీ, సామెతలో శొంఠే ఎందుకొచ్చింది?

పర్లాకిమిడి నుంచి:
ఎండినంత మాత్రాన అల్లం అల్లంగానే ఉండిపోదండీ. పచ్చల్లం 100 గ్రాములు తూస్తే అందులో 79 గ్రాముల దాకా నీరే. అసలు సంగతంతా ఘాటులో ఉంది. పచ్చిదాని ఘాటు జింజెరాల్ అనే పదార్థానిది. ఎండేటప్పుడు అందులో కొంత నీటి అణువును వదులుకుని షోగాల్ అవుతుంది. అల్లాన్ని జపాను వాళ్ళు షోగా అంటారు, ఆ పేరే దీనికి పెట్టారు. జింజెరాల్ కంటే ఇది కారం. ఆయుర్వేదం కూడా ఆర్ద్రకం, శుంఠి అని రెంటినీ విడిగానే చెప్పింది. మిరియాలు, పిప్పళ్ళతో కలిసి త్రికటుకమయ్యేది శొంఠే. దానికి విశ్వభేషజమని, అంటే అన్నిటికీ మందని, ఇంకో పేరు. మన సామెత ఆ మాటకు ఇంటి తెలుగులా లేదూ?

రాయగడ నుంచి:
నిలవ సంగతి మరిచారు. బాలింతకు పెట్టే కాయంలో పచ్చల్లం పడితే బూజు పట్టదూ? మా అమ్మమ్మ శొంఠి కొమ్ములు పెనం మీద వెచ్చజేసి, రోట్లో దంచి, పల్చటి గుడ్డలో జల్లించేది. పీచంతా గుడ్డలో ఆగిపోయేది, కిందికి దిగిన గుండే బెల్లంలో కలిపేది. ఇక్కడి సంతలో ఒడియాలో పచ్చిది ‘అదా’, ఎండింది ‘శుంఠి’. అన్నట్టు సుప్రభ, సురుచి, సురభి అనే అల్లం రకాలు మన కొరాపుట్ జిల్లా పొట్టంగి పరిశోధన కేంద్రంలో పుట్టినవే.

పర్లాకిమిడి నుంచి:
నిలవ మాట నిజమే, ఒప్పుకున్నాం. వేవిళ్ళ వికారానికి రోజుకు గ్రాము దాకా అల్లం పొడి ఇచ్చి చూసిన పరీక్షల్లో చాలామందికి ఉపశమనం కనిపించింది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు మాత్రం డాక్టరును అడక్కుండా మోతాదు పెంచకూడదు. శొంఠితో సుగర్ మాయమంటూ వాట్సాప్‌లో తిరిగేవి ఇక్కడికి మోసుకురాకండి, దణ్ణం పెడతాను.

గుణుపురం నుంచి:
అయితే మా మావయ్యని శొంఠి అనడం తిట్టా, పొగడ్తా?

రాయగడ నుంచి:
పిలిస్తే వచ్చాడా, పిలవకుండా వచ్చాడా?