చేప తోకకు వచ్చేది మొలకా, ఇగురా?

ప్రశ్న (తిరుపతి): జీబ్రా చేప తోక రెక్కను కోస్తే రెండో రోజుకు తెగిన అంచున తెల్లటి మెత్తటి ముద్ద లేస్తుంది. శాస్త్రంలో బ్లాస్టీమా. డిగ్రీ పాఠంలో 'మొలక' అని రాయవచ్చా?

జవాబు (చిత్తూరు): మొలక వద్దండీ. అది విత్తనంలోంచి వచ్చేది. ఇక్కడ మిగిలిన మోడే కొత్తదాన్ని ఇస్తుంది. కొట్టేసిన చింత మోడుకు వచ్చేదాన్ని మన పక్క 'ఇగురు' అంటాం కదా, అదే సరిపోతుంది. కోసిన 12 నుంచి 24 గంటల్లో తోలు కణాలు పక్కలనుంచి జరిగొచ్చి గాయాన్ని కప్పేస్తాయి. ఆ పొర కింద, రెక్కను నిలబెట్టే సన్నటి ఎముక పుల్లలు తెగినచోట, ఎముక కట్టే ఆస్టియోబ్లాస్టులనే కణాలు చేస్తున్న పని మాని ఇంకా ఏ పనికీ కుదురుకోని పచ్చి కణాల్లా మారి, కొనకు చేరి రెట్టింపవుతాయి. ఆనక అవి మళ్ళీ ఎముకే అవుతాయి, తోలు కావు. మృదులాస్థి దశ లేకుండా నేరుగా ఎముకే. పుల్లకు చెరకులాగా కణుపులుంటాయి. కొత్త కణుపులు కొన దగ్గరే చేరతాయి.

జవాబు (తిరుపతి): మాట బాగుంది సార్, కానీ నెల్లూరు పిల్లలు 'చేప ఇగురు' అని చదివితే కూరే అనుకుంటారు. 'మొగ్గ' అందామంటే హైడ్రా పాఠంలో మొగ్గంటే కొత్త జీవి. 'చిగురు' అయితే అందరికీ తెలుస్తుంది, మోడు అర్థమూ పోదు. తెగిన భాగం తిరిగి పెరగడానికి 'పునరుత్పత్తి' అనే మాటను కూడా జాగ్రత్తగా వాడాలి, పత్రికల్లో సంతానం కనడానికీ అదే రాస్తున్నారు.

జవాబు (చిత్తూరు): చిగురే ఖాయం చేద్దాం మేడం. అయితే 'తోక మొలిచింది' అని మాత్రం రాయకండి. పెరిగేది తోక రెక్క. వెన్నుపూస ఉన్న కండలోకి కోస్తే పెద్ద చేపకు తోక తిరిగి రాదు. పుల్లల మొదళ్ళు మిగలాలి. ప్రయోగంలో చేపకు ట్రైకేన్‌తో మత్తిచ్చి రెక్కలో సగమే కోయాలి, నీళ్ళు 28 డిగ్రీలు ఉండాలి. చల్లబడితే ఎదుగుదల మందగిస్తుంది. సుమారు మూడు వారాల్లో రెక్క నిండుతుంది. ఏటవాలుగా కోస్తే ఒంటికి దగ్గరగా తెగిన పుల్లలే వేగంగా పెరుగుతాయి, అందుకే అంచు మళ్ళీ పాత ఆకారానికి వస్తుంది. రోజుల లెక్క పోల్చాలంటే కోత అన్ని చేపలకూ ఒకే కణుపు దగ్గర పడాలి.

ప్రశ్న అడిగినవారు: 'తెగిన పుల్ల చిగురు తొడిగింది, చిగురు ఎముకైంది' అని రాస్తున్నానండీ.