షినేడ్ ఓకానర్ 1992లో చేసినది పిలిచిన ఇంటికి ద్రోహమా?

ఎనిమిదో అంతస్తు:
అమెరికా టీవీ కార్యక్రమం సాటర్డే నైట్ లైవ్‌కు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2025 జనవరిలో ఆ కార్యక్రమంలోని పాటల మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది. నిన్న రాత్రి మళ్లీ చూశాను. హాస్య నాటికల కార్యక్రమమే అయినా, 1975 అక్టోబరు 11న మొదలైన రోజునే అందులో బిల్లీ ప్రెస్టన్, జానిస్ ఇయన్ పాడారు. అప్పటి నుంచి ప్రతి వారం ఒక గాయకుడో, బృందమో వచ్చి రెండు పాటలు పాడి వెళ్లడం ఆనవాయితీ. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ సెంటర్ ఎనిమిదో అంతస్తులోని ఆ స్టూడియోను మొదట రేడియో కోసం కట్టారు. ప్రసిద్ధ సంగీత నిర్వాహకుడు టోస్కనీని ఆర్కెస్ట్రా వాయించిన చోటు అది. నా మారుపేరు అక్కడిదే.

నేను చర్చకు పెడుతున్నది ఒక్క రాత్రి గురించి: 1992 అక్టోబరు 3. ఐర్లండ్ గాయని షినేడ్ ఓకానర్ తన రెండో పాటగా బాబ్ మార్లీ పాటను వాద్యాలు లేకుండా పాడారు. జాతి వివక్ష మీద ఉన్న మాటల్లో పిల్లలపై జరిగే అఘాయిత్యాల మాట చేర్చారు. చివర పోప్ రెండో జాన్ పాల్ ఫోటోను కెమెరాకు చూపించి, ముక్కలుగా చించి విసిరారు. రిహార్సల్‌లో చూపించింది వేరే ఫోటో, ఒక పిల్లవాడిది. ఆ రాత్రి తరువాత ఆమె మళ్లీ ఆ వేదిక మీద పాడలేదు. 2023 జులైలో కన్నుమూశారు.

చర్చిలో పిల్లలపై జరిగే అఘాయిత్యాలను కప్పిపుచ్చుతున్నారని ఆమె చెప్పిన విషయం నూటికి నూరుపాళ్లు సరైనదని నా నమ్మకం. కానీ పిలిచిన వాళ్లకు చెప్పకుండా చేయడం మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. మీరేమంటారు?

చిరుగాలి:
ఆమె చేసింది సరైనదే. ఇందులో చర్చించడానికి ఏముంది?

తెరచాటు:
చర్చించడానికి చాలా ఉంది. పోప్ సంగతి, చర్చి సంగతి పక్కన పెట్టండి. నేను మాట్లాడేది రిహార్సల్ గురించి మాత్రమే.

ఆ కార్యక్రమం ఎలా నడుస్తుందో తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. శనివారం రాత్రి ఎనిమిది గంటలకు ప్రేక్షకుల ముందే పూర్తి రిహార్సల్ జరుగుతుంది. దాన్ని రికార్డు చేస్తారు. అది చూసి ఏ నాటిక ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చి, పదకొండున్నరకు ప్రత్యక్ష ప్రసారానికి వెళతారు. ఏ క్షణంలో ఏ కెమెరా ఎక్కడుండాలో ఆ రిహార్సల్‌లోనే ఖాయమవుతుంది. ఆమె ఏం చేసింది? చివర ఫోటో ఎత్తినప్పుడు కెమెరాను దగ్గరికి తీసుకురమ్మని కోరింది. పిల్లవాడి ఫోటో కదా అని వాళ్లు ఒప్పుకున్నారు. ప్రసారంలో అదే కెమెరా ముందు వేరే ఫోటో ఎత్తింది. కెమెరా వెనక నిలబడ్డ మనిషికి ఆమె అబద్ధం చెప్పింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే.

నేను అమెరికాలో మా ఊరి తెలుగు సంఘానికి పద్దెనిమిదేళ్లుగా సౌండ్ చూస్తున్నాను. జీతం లేదు, ఇష్టంతో చేసే పని. ఒక ఉగాదికి ఒక గాయకుడు సౌండ్ చెక్‌లో ఒక పాట పాడి, వేదిక ఎక్కాక ఇంకో పాట అందుకున్నాడు. ట్రాక్ వేరు, శ్రుతి వేరు. హాలంతా నా వైపు తిరిగి చూసింది. మరుసటి రోజు కమిటీ సమావేశంలో మాటలు పడింది నేను, అతను కాదు. వేదిక మీద ఉన్నవాళ్ల ధైర్యానికి ఖరీదు చెల్లించేది ఎప్పుడూ వేదిక కింద ఉన్నవాళ్లే.

కంచుగొంతు:
తెరచాటు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మీ సూత్రం అందరికీ ఒకేలా వర్తించాలి కదా.

1977 డిసెంబరు 17. అదే కార్యక్రమానికి రావాల్సిన రాక్ బృందం సెక్స్ పిస్టల్స్‌కు వీసాలు దొరకకపోవడంతో గాయకుడు ఎల్విస్ కాస్టెల్లోను పిలిచారు. ఒప్పుకున్న పాట మొదలుపెట్టి, కొన్ని క్షణాలకే వాయిద్యాలు ఆపించి, ప్రసార సంస్థల పెత్తనాన్ని తిట్టే ఇంకో పాట అందుకున్నాడు. కెమెరామెన్‌కు చెప్పాడా? లేదు. ఆయన్నూ చాలా ఏళ్లు దూరం పెట్టారు, నిజమే. కానీ 1989లో మళ్లీ పిలిచారు. 1999లో ఇరవై ఐదేళ్ల పండగకు బీస్టీ బాయ్స్ బృందం పాటను మధ్యలో ఆపించి, ఆయన చేతే అదే అల్లరిని మళ్లీ చేయించి చప్పట్లు కొట్టారు. అతను చేస్తే ముచ్చటైన తిరుగుబాటు, ఆమె చేస్తే ద్రోహమా?

రాత్రిబండి:
అసలు మోసం గురించి ఎవరూ మాట్లాడరే! 2004 అక్టోబరులో గాయని యాష్లీ సింప్సన్ అదే వేదిక మీద రెండో పాటకు నిలబడితే మొదటి పాట తాలూకు రికార్డు చేసిన గొంతు వినిపించింది. పేరులోనే ప్రత్యక్షం అని పెట్టుకున్న కార్యక్రమంలో పెదవులు కదపడం కంటే పెద్ద అబద్ధం ఉంటుందా? ఆమెను ఏడాది తిరగకముందే మళ్లీ పిలిచారు.

తెరచాటు:
కంచుగొంతు గారూ, పాట మార్చడం వేరు, ఫోటో మార్చడం వేరు. కాస్టెల్లో అప్పటికప్పుడు, అందరి ముందు, క్షమించమని చెప్పి మరీ పాట ఆపాడు. అందులో దాపరికం లేదు. ఈమె ముందుగానే పథకం వేసుకుంది. రిహార్సల్‌లో వాళ్లను నమ్మించింది. నేను అడిగేది ఒక్కటే: ఆ కెమెరామన్‌కు ఆమె నిజం చెప్పిందా, లేదా?

కంచుగొంతు:
చెప్పలేదు. చెబితే ఏమయ్యేది? 1996 ఏప్రిల్‌లో రాక్ బృందం రేజ్ అగైన్‌స్ట్ ది మెషీన్ సంగతి చూడండి. ఆ వారం కార్యక్రమాన్ని నడిపింది కోటీశ్వరుడు స్టీవ్ ఫోర్బ్స్. బృందం నిరసనగా తమ యాంప్లిఫయర్లకు అమెరికా జెండాలు తలకిందులుగా కట్టింది. పాట మొదలయ్యే ముందే సిబ్బంది వాటిని లాగేశారు. రెండో పాట పాడనివ్వకుండానే పంపేశారు. ముందుగా తెలిస్తే జరిగేది అదే. ఓకానర్ ఆ తలుపు ఎలా తెరుచుకుంటుందో, ఎలా మూసుకుంటుందో తెలిసిన మనిషి.

తెరచాటు:
అంటే చెప్పలేదని ఒప్పుకున్నట్టే.

కొండవీడు:
ఇన్ని టపాల్లో ఆ ఫోటోలో ఉన్న మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను మాట్లాడతాను.

మాది గుంటూరు జిల్లా, కథోలిక కుటుంబం. 1986 ఫిబ్రవరిలో రెండో జాన్ పాల్ మద్రాసు వచ్చినప్పుడు మా నాన్న రైలెక్కి వెళ్లి చూసి వచ్చారు. జనంలో ఎక్కడో దూరంగా నిలబడి, చేతి వేలంత కనిపించాడట. వచ్చేటప్పుడు ఒక ఫోటో కొని తెచ్చి ముందుగదిలో మరియమ్మ పటం పక్కన తగిలించారు. నాన్న పోయి పదకొండేళ్లయింది, ఆ ఫోటో ఇంకా అక్కడే ఉంది. ఓకానర్ చించిన దృశ్యాన్ని నేను మొదటిసారి ఇంటర్నెట్‌లో చూసినప్పుడు కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. ఈ నొప్పికి కూడా ఈ చర్చలో చోటుండాలి.

తరువాత తెలిసింది, ఆమె చించిన ఫోటో ఆమె తల్లి పడకగది గోడ మీదిదని. తల్లి తనను చిత్రహింసలు పెట్టిందని ఆమె చాలాసార్లు చెప్పుకుంది. 1985లో ఆ తల్లి చనిపోయాక గోడ మీది ఫోటో తీసి దాచుకుంది. ఏడేళ్లు. మా ఇంట్లో ఆ ఫోటో కింద మాకు ప్రేమ దొరికింది. వాళ్ల ఇంట్లో అదే ఫోటో కింద ఆ పిల్లకు దెబ్బలు దొరికాయి. ఈ రెంటినీ ఎలా కలిపి చూడాలో నాకు ఇప్పటికీ తెలియదు. చర్చి మనుషులు పిల్లలపై చేసిన అఘాయిత్యాలను బయటపెట్టిన 2002 నాటి బోస్టన్ పత్రిక కథనాలు, 2009 నాటి ఐర్లండ్ విచారణ సంఘం నివేదిక చదివాక ఆమె అబద్ధం చెప్పిందని మాత్రం అనలేను.

చిరుగాలి:
కొండవీడు గారూ, మీ టపా రెండుసార్లు చదివాను.

తెరచాటు:
కొండవీడు గారి బాధను గౌరవిస్తాను. అది కూడా నా మాటనే బలపరుస్తోంది. ఇంటికి పిలిచిన వాళ్లకు ఒక మాట చెప్పి ఉంటే...

కంచుగొంతు:
అయ్యా, ఇక చాలు. ఆ ఇంటివాళ్ల మర్యాద ఎలాంటిదో కూడా చూద్దాం. మరుసటి శనివారం నటుడు జో పెషీ అదే వేదిక మీద నిలబడి, ముక్కలు అతికించిన ఫోటో చూపించి, ఆ రాత్రి కార్యక్రమం తనదే అయి ఉంటే ఆమెను గట్టిగా కొట్టి ఉండేవాణ్ణని అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పిల్లల్ని కొడుతున్నారని చెప్పడానికి వచ్చిన ఆడమనిషిని కొడతానన్న మాటకు చప్పట్లు! అది రిహార్సల్‌లో ఆమోదం పొందిన మాటే కదా తెరచాటు గారూ? దానికి మీకు అభ్యంతరం లేదా? ఫోటో చించిన పదమూడు రోజులకే న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బాబ్ డిలన్ గౌరవ కచేరీలో పాడబోతే జనం అరుపులతో ఆమెను అనుకున్న పాట పాడనివ్వలేదు. అక్కడ ఆమె ఏ రిహార్సల్‌ను మోసం చేసింది?

మీకు నొప్పి రిహార్సల్ గురించి కాదు. ఆడవాళ్లు పాట పాడి దిగిపోవాలి, మధ్యలో మాట్లాడకూడదు, అదీ మీ నొప్పి.

తెరచాటు:
ఈ మాట వెనక్కి తీసుకోండి. నా గురించి మీకేం తెలుసని?

కంచుగొంతు:
తీసుకోను. నా సంగతి చెబుతాను, అప్పుడు తెలుస్తుంది. ఆరేళ్ల కిందట మా ఊరి సంక్రాంతి కార్యక్రమంలో నాకు రెండు పాటలు ఇచ్చారు. మొదటి పాట అయ్యాక, మా మధ్యే ఉన్న ఒక అమ్మాయి భర్త దెబ్బలు భరించలేక ఇల్లు వదిలి వచ్చిందని, ఆమెకు ఉండడానికి చోటు, వకీలు కావాలని చెప్పడం మొదలుపెట్టాను. పేరు చెప్పలేదు. మూడో వాక్యానికి మైకు ఆగిపోయింది. సాంకేతిక లోపమని ప్రకటించి పిల్లల నృత్యం మొదలుపెట్టారు. ముందు వరుసలో వాళ్లు నన్ను చూసి జాలిగా చప్పట్లు కొట్టారు. అది లోపం కాదని ఆ వారంలోనే తెలిసింది. ముందుగా కమిటీకి చెప్పి ఉండాల్సిందని నాకూ అన్నారు. ముందుగా చెబితే వేదిక ఎక్కనిచ్చేవారా? మీ టపాల్లో ఒక్కొక్క వాక్యం చదువుతుంటే నాకు ఆ రాత్రే గుర్తొస్తోంది.

ఎనిమిదో అంతస్తు:
ఇద్దరూ కొంచెం నెమ్మదించండి. చర్చ వ్యక్తిగతం అవుతోంది.

కొండవీడు:
అవనివ్వండి. ఇప్పుడే అసలు సంగతికి వచ్చారు.

తెరచాటు:
రెండు రోజులు ఈ పక్కకు రాలేదు. కంచుగొంతు గారూ, మీ ఊరు మా ఊరు కాదు. ఆ మైకు ఆపింది నేను కాదు. ఈ మాట ముందు చెప్పాలి.

కానీ నేనూ ఒకసారి ఆపాను. దసరా కార్యక్రమం. ఒక పెద్దావిడ మూడేళ్లుగా పండగలకు వంట చేసి పెట్టేది. సంఘం తనకు ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వలేదని వేదిక మీద మొదలుపెట్టింది. ఆమెను పిలిచింది సన్మానానికి. కమిటీ పెద్ద ఒకరు నా బల్ల దగ్గరికి వచ్చి, కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది, ఆపేయండి అన్నారు. నేను ఫేడర్, అంటే మైకు శబ్దం తగ్గించే మీట, దించాను. ఆపమన్నది ఆయన, ఆపిన చెయ్యి నాది. హాల్లో మూడు వందల కుటుంబాలు, పిల్లలు ఉన్నారు, గొడవ పెరిగితే పండగ పాడవుతుంది అనుకున్నాను. ఇప్పటికీ ఆ కారణం పూర్తిగా తప్పని అనుకోవడం లేదు. సన్మానానికి పిలిస్తే లెక్కలు తీయడం సరి కాదని అప్పుడు చాలా గట్టిగా వాదించాను. ఇక్కడ వాదిస్తున్నట్టే.

1992 రాత్రి గురించి నేను ఒక విషయం కావాలనే రాయలేదు. సౌండ్ మనిషిగా నాకు అన్నిటికంటే ముందు కనిపించింది అదే. ఆ కంట్రోల్ గదిలో ఎవరూ ఆమె మైకు ఆపలేదు. కెమెరాను పక్కకు తిప్పలేదు. ఫోటో ముక్కలు కింద పడేదాకా చూపించారు. దర్శకుడు చేసిందల్లా ప్రేక్షకుల్ని చప్పట్లు కొట్టమని చెప్పే దీపం వెలిగించవద్దనడమే. ఆ నిశ్శబ్దంలోనే ప్రకటనలకు వెళ్లారు. పునఃప్రసారాల్లో రిహార్సల్ రికార్డును అతికించిన మాట నిజమే, కానీ ఆ రాత్రి మాత్రం వదిలేశారు. ఆ కార్యక్రమ నిర్మాత లోర్న్ మైకేల్స్ కూడా తరువాత ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నాడు. ఆమె మోసం చేసిందన్న కోపం ఉన్నవాళ్లే, చెయ్యి మీట మీదే ఉన్నా, దించలేదు.

రిహార్సల్ విషయంలో నా అభిప్రాయం మారలేదు. కెమెరామన్‌కు చెప్పి ఉండాల్సింది.

కంచుగొంతు:
ఆ అభిప్రాయం మీరు ఉంచుకోండి. నా మాటల్లో ఆడవాళ్ల గురించి అన్నది వెనక్కి తీసుకుంటాను. ఒక్కటి అడుగుతాను. ఆ పెద్దావిడకు డబ్బు ఇచ్చారా?

తెరచాటు:
సగం ఇచ్చారు. మిగతా సగం లెక్క తేలలేదన్నారు.

కొండవీడు:
ఆమెకు ఎంత రావాలో మీకు తెలుసా?

తెరచాటు:
తెలుసు. ఆ ఏడాది వంట సామాను బిల్లులు నా దగ్గరే ఉన్నాయి. అప్పుడు ఎవరూ అడగలేదు.

కంచుగొంతు:
తరువాత ఎప్పుడైనా ఆమెను మీ పండగలకు పిలిచారా?

తెరచాటు:
లేదు. దసరాకు ముందు కమిటీ సమావేశం ఉంది. బిల్లులు తీసుకువెళతాను.