సర్వర్ గదిలో తమ్ముడి చెయ్యి కాలింది, పరిహారం ఎవరిని అడగాలి?

మాది ఒంగోలు. మా తమ్ముడు ఒక కాంట్రాక్టరు కింద యూపీఎస్‌ల మరమ్మతు పని చేస్తాడు. పోయిన వారం ఒక కార్యాలయం సర్వర్ గదిలో పాత బ్యాటరీలు మారుస్తుండగా పానా జారి రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడింది. కళ్లు చెదిరే మెరుపు. కుడి అరచెయ్యి కాలింది. పానా కొన కరిగి నల్లటి ముద్దయింది. దాన్ని దాచి ఉంచాను.

మెయిన్ ఆపేసే పని మొదలుపెట్టాడు. కానీ 12 వోల్టుల బ్యాటరీలు 16 వరుసగా కలిపితే 192 వోల్టులు. మెయిన్ ఆపినా వాటిలో కరెంటు పోదు. ముందు బ్యాటరీలను కలిపే మధ్య లింకు విప్పి వరుసను విడగొట్టాలని వాడికి ఎవరూ నేర్పలేదు. రబ్బరు తొడుగులు కూడా ఇవ్వలేదు. నా కడుపు మండేది అక్కడే.

కాంట్రాక్టరు "నీ అజాగ్రత్తే" అంటున్నాడు. కార్యాలయం వారు "మా ఉద్యోగి కాదు" అంటున్నారు. ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) లేదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో 2025లో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చిందనీ, దాని కింద రెండేళ్లలోపు దరఖాస్తు చేసుకోవాలనీ చదివాను. మా విషయంలో కార్యాలయం వారిని కూడా బాధ్యులుగా చూపవచ్చా? ఆసుపత్రి చీటీ చాలా, పోలీసు ఫిర్యాదు కూడా కావాలా? కాంట్రాక్టరు తెల్లకాగితం మీద సంతకం అడుగుతున్నాడు, ఇంకా పెట్టనివ్వలేదు. ఇలాంటి కేసు నడిపినవారు దయచేసి త్వరగా చెప్పండి.