8 ఏళ్ల పాపకి మొదటి గిటార్: హాఫ్ సైజా, త్రీ క్వార్టరా?

మా పాపకి 8 ఏళ్లు. గిటార్ కావాలని ఇంట్లో ఒకటే గొడవ. షాపుకి తీసుకెళ్తే అతను స్టీల్ తీగల ఫుల్ సైజుది చేతిలో పెట్టి "ఎలాగూ ఎదుగుతుంది కదా మేడమ్, ఇదే తీసుకోండి" అన్నాడు. ఒళ్లో పెట్టుకునేసరికి పాప కుడి భుజం చెవి దాకా లేచింది. ఎడమ చెయ్యి ఎంత చాపినా మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) అందలేదు. కాసేపు నొక్కిందో లేదో, వేళ్ల కొసల మీద ఎర్రగా గీతలు. ఎదిగేదాకా వాడుకోవడానికి ఇదేమైనా స్కూల్ యూనిఫామా!

నైలాన్ తీగలు వేళ్లకి మెత్తగా ఉంటాయి, నిజమే. కానీ ఆ తీగలుండే గిటార్ల మెడ వెడల్పు ఎక్కువ. యమహాలో సీజీఎస్102 హాఫ్ సైజు, సీజీఎస్103 త్రీ క్వార్టర్. పాప ఎత్తు 4 అడుగులు. ఏది సరిపోతుందంటారు? ట్యూనర్‌తో (శ్రుతి సరిచూసే పరికరం) కలిపి 10 వేలు దాటకూడదు.

అసలు చిక్కు ఇంకోటుంది. తను ఎడమ చేత్తో రాస్తుంది, అన్నం మాత్రం కుడి చేత్తోనే (అది వాళ్ల నాయనమ్మ పట్టుదల). ఎడమచేతి వాటానికి తీగలు తిప్పి కట్టిస్తే నట్, సాడిల్ (తీగలు రెండు చివర్లా ఆనే పట్టీలు) కూడా మార్చాలి. పైగా క్లాసులో అన్నీ కుడిచేతి వాటానివే. మీ ఇంట్లో ఎడమచేతి వాటం పిల్లలుంటే ఎలా మొదలుపెట్టించారో కాస్త చెప్పండి.