కాయిల్ మీద మంచు: ఏసీని బాగు చేయించాలా, మార్చాలా?

ప్రశ్న: 12 ఏళ్ల నాటి మా స్ప్లిట్ ఏసీ గంట నడిచేసరికి చల్లదనం తగ్గి, లోపలి కాయిల్ మీద తెల్లగా మంచు పేరుకుంటోంది. ఏటా గ్యాస్ నింపిస్తూనే ఉన్నాము. ఇది ఆర్-22 అనే పాత రకం శీతల వాయువు (గ్యాస్) వాడే యంత్రం. ఇందులో ఆర్-32 అనే కొత్త రకం గ్యాస్ నింపించవచ్చా?

జవాబు 1: ముందు ఫిల్టర్ తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. దుమ్ముతో మూసుకుపోతే గాలి ఆడక కాయిల్ గడ్డకడుతుంది.

జవాబు 2: ఫిల్టర్ సంగతి నిజమే కానీ, గ్యాస్ మూసిన గొట్టాలలో తిరిగేదే తప్ప ఖర్చయ్యేది కాదు కనుక, ఏటా తగ్గుతోందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. నైట్రోజన్‌తో పీడన పరీక్ష చేయించి, గొట్టాల అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు లేస్తున్నాయేమో చూడమనండి. ఆర్-32 మాత్రం దయచేసి నింపించవద్దు. దాని పీడనం ఆర్-22 పీడనానికి సుమారు 1.6 రెట్లు ఉంటుంది, పైగా అది కొంత మండే స్వభావం గల వాయువు.

జవాబు 3: కాయిలే చిల్లుపడి ఉంటే, నా అభిప్రాయంలో, అవసరాన్ని బట్టి వేగం మార్చుకుంటూ నడిచే ఇన్వర్టర్ ఏసీకి మారడమే మేలు.