పునరుత్థానుడైన యేసు శిష్యులకు కనబడింది గలిలయలోనా, యెరూషలేములోనా?

ప్రశ్న:
మార్కు సువార్త 16:7లో సమాధిలో కూర్చున్న యువకుడు, యేసు గలిలయకు ముందుగా వెళ్తున్నాడనీ శిష్యులు ఆయనను అక్కడ చూస్తారనీ స్త్రీలతో చెబుతాడు. మత్తయిలో పదకొండుమంది శిష్యులు ఆయనను గలిలయలోని కొండ మీదనే చూస్తారు. లూకాలో మాత్రం దర్శనాలన్నీ యెరూషలేములో, దాని చుట్టుపక్కల జరుగుతాయి; పైనుండి శక్తి పొందేవరకు పట్టణంలోనే ఉండమన్న ఆజ్ఞ కూడా ఉంది (24:49). వీటిని కలిపి చదవడం సాధ్యమేనా?

మొదటి జవాబు:
సాధ్యమేనండి. లూకా 24 చదివితే ఆరోహణం (యేసు పరలోకానికి వెళ్లడం) దాకా అంతా ఒక్క రోజులోనే జరిగినట్లు అనిపిస్తుంది గానీ, అదే రచయిత అపొస్తలుల కార్యములు 1:3లో యేసు నలభై దినాలు కనబడ్డాడని స్పష్టంగా రాశాడు. అంటే సువార్తలో ఆయన కథను కుదించాడు. పట్టణం విడువవద్దన్న ఆజ్ఞ ఆ దినాల చివర ఇచ్చినదైతే, మధ్యలో గలిలయ ప్రయాణానికి చోటు ఉంటుంది. యోహాను 20లో యెరూషలేము, 21లో గలిలయలోని తిబెరియ సముద్రతీరం వరుసగా రానే వచ్చాయి కదా.

రెండవ జవాబు:
రోజుల లెక్క సర్దుకుంటుంది, కాదనను. అసలు చిక్కు లూకా 24:6లో ఉంది. మార్కులో ‘గలిలయకు వెళ్తున్నాడు’ అన్న కబురు, ఇక్కడ ‘ఆయన గలిలయలో ఉండగా మీతో చెప్పినది జ్ఞాపకం చేసుకోండి’ అన్న మాటగా మారింది. ప్రాంతం పేరు మిగిలింది, ప్రయాణం పోయింది. మార్కు సువార్తను ఎదుట పెట్టుకునే లూకా రాశాడని ఎక్కువమంది పండితులు అంగీకరిస్తారు గనుక, ఇది కుదింపు కాదు, తెలిసి చేసిన మార్పు. యెరూషలేము దేవాలయంలో యాజకుడు జెకర్యాతో మొదలుపెట్టి దేవాలయంలోనే శిష్యులతో ముగించిన రచయితకు, చివర్లో గలిలయ ప్రయాణం అడ్డే. అంతమాత్రాన దర్శనాలే జరగలేదని నేను అనడం లేదు.

మూడవ జవాబు:
ఇద్దరూ సువార్తల దగ్గరే ఆగిపోయారు. వాటికంటే ముందే, సుమారు క్రీ.శ. 55 ప్రాంతంలో రాసిన 1 కొరింథీయులు 15లో పౌలు, యేసు ఎవరెవరికి కనబడ్డాడో చెబుతూ, కేఫా (అంటే పేతురు), పన్నిద్దరు, ఐదువందలకు పైగా సహోదరులు, యాకోబు, అపొస్తలులందరు, చివరికి తాను అని వరుస చెబుతాడు. చోటు ఒక్కటీ చెప్పడు. కేఫాతో పదిహేను దినాలు గడిపి, యాకోబును కూడా చూసిన మనిషి ఆయన (గలతీయులు 1:18-19), కాబట్టి ఇది గాలివార్త కాదు. అయితే మగ్దలేనే మరియ ఈ వరుసలో లేదు. మత్తయి, యోహానుల ప్రకారం యేసును ముందుగా చూసినవారిలో ఆమె ఉంది. చోటు విషయంలోని తేడాకంటే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే.

ప్రశ్న అడిగినవారు:
లూకా 24:6 మార్పుకు మొదటి జవాబులో సమాధానం లేదు. దానిని వివరించగలిగితే తప్ప, నలభై దినాల వాదన నాకు సగమే నిలుస్తుంది.